ఆవిరి గది పక్కన పెట్టిన కంప్యూటర్

ఉత్తరపు కొసన ఉన్న మా ఊరు ఇవలోలో డిసెంబర్ నెలాఖరున సూర్యుడు మొహం చూపించడు. మధ్యాహ్నం కాసేపు ఆకాశం నీలంగా తేరుకుంటుంది, అంతే, మళ్లీ చీకటి. అందుకని నేను చెప్పబోయేది అర్ధరాత్రి జరిగిందేమీ కాదు. పండగ వంట ఇంకా ఓవెన్‌లోనే ఉంది. కాకపోతే కిటికీలోంచి చూస్తే మాత్రం కాటుక పులిమినట్టుంది.

నా పేరు ఔతి. తానెలికి నేను రెండో పెళ్లాన్ని. మొదటావిడ ఇర్మెలి. జబ్బు చేసి పోయి మూడేళ్లయింది. ఆ ఏడే నేనీ ఇంటికి వచ్చాను. ఆవిడ చాలా మంచిదట. ఆవిడ కాచిన బియ్యపు జావ అడుగంటేది కాదట. ఆవిడ అల్లిన మేజోళ్లు చిరిగేవి కావట. చచ్చినవాడి కళ్లు చారెడు అని ఊరికే అన్నారా? మా అత్తగారు హెల్వి రోజుకోసారైనా ఆ చారెడు కళ్ల గురించి చెప్పందే కాఫీ తాగదు.

సరే, అదంతా భరిస్తాను. భరించలేనిది ఒకటే. తానెలి కూతురు విల్యాకి ఎనిమిదేళ్లు. జడ వేసేది నేను. జ్వరం వస్తే మంచం పక్కన కూర్చునేది నేను. దాని తడి బూట్లు పొయ్యి దగ్గర ఆరబెట్టేదీ నేనే. కానీ అది నన్ను "ఔతీ" అంటుంది. ఎంత ముద్దుగా పిలిచినా ఔతీయే. "అమ్మ" అన్న మాట మాత్రం గోడ మీద ఫోటోలో ఉన్నావిడ సొత్తు. నాకు ఆ ఒక్క మాట కావాలి. కుళ్లు అంటారా? అవును, కుళ్లే. దాచుకోవడం నా వల్ల కాదు.

ఆ ఏడు పండక్కి ఇంట్లో అందరికీ కలిపి ఒక కంప్యూటర్ నా చేత్తో బిగించి ఇవ్వాలనుకున్నాను. ఆ పని నాకు బాగా వచ్చు. చెప్పుల డబ్బా కంటే కాస్త పెద్ద పెట్టె, అంతే. అందులోనే అరచెయ్యంత మదర్‌బోర్డు, చప్పుడు చెయ్యని ఫ్యాను, రెండు పెద్ద హార్డ్ డిస్కులు. విల్యా దాని మీద లెక్కలు చేసుకోవాలి. తానెలి సినిమాలు చూసుకోవాలి. ఇంట్లో అందరి ఫోన్లలోని ఫోటోలూ వాటంతటవే వచ్చి అందులో చేరిపోవాలి. డిస్కులు రెండూ జంట. ఒకదాంట్లో ఏది రాస్తే రెండోదాంట్లోనూ అదే ఉంటుంది. ఒకటి చచ్చిపోయినా రెండోది పని అందుకుంటుంది, ఇంట్లో ఎవరికీ తేడా తెలియదు.

"భలే ఉందే. నీకూ ఒక జంట చేసిపెట్టుకోరాదూ?" అన్నాడు తానెలి.

"నోరు ముయ్యి. నీకు ఇప్పటికే నేను రెండోదాన్ని," అన్నాను.

నవ్వాడు. నేను నవ్వలేదు.

పెట్టె ఎక్కడ పెట్టాలన్న దగ్గర గొడవైంది. ఇంటర్నెట్ తీగ మా ఇంట్లోకి వచ్చేది ఆవిరి స్నానం చేసే గది పక్కన బట్టలు మార్చుకునే గదిలోకి. అక్కడైతే డిస్కుల గరగర ఎవరికీ వినబడదు. తువ్వాళ్ల అలమరలో పై అరలో పెట్టేశాను. పని పూర్తయ్యేదాకా చిన్న తెర ఒకటి, కీబోర్డు ఒకటి కింద బల్ల మీద ఉంచాను.

"ఆవిరి తగిలి చస్తుందేమో," అన్నాడు తానెలి.

"శనివారం శనివారం స్నానం చేస్తే చావదులే. తలుపు మూసుకుని చెయ్యండి, చాలు."

ఫోటోలు చేరడం మొదలయ్యాక ఆ కంప్యూటర్ ఒక ముచ్చటైన పని చేస్తుంది. ఒకే మొహం ఉన్న ఫోటోలన్నీ ఏరి ఒక చోట పెట్టి, "ఈ వ్యక్తి ఎవరు?" అని అడుగుతుంది. పేరు రాస్తే చాలు, ఇక ఆ మొహం ఎక్కడ కనబడినా గుర్తుపట్టేస్తుంది. విల్యా అని రాశాను. తానెలి అని రాశాను. నా మొహం పక్కన ఔతి అని రాసుకుని, ఆ పేరు కేసి కాసేపు చూసుకున్నాను కూడా. ఆ ఇంట్లో నా పేరు రాసి ఉన్న మొదటి చోటు అదే.

పండగ ముందు రోజు తానెలి ఒక పాత డిస్కు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇర్మెలి కంప్యూటర్‌లోది. తన ఫోటోలూ నీ పెట్టెలో వెయ్యి ఔతీ. విల్యా చూసుకుంటుంది."

"అన్నీనా?"

"అన్నీ. ఎందుకలా చూస్తావ్?"

"ఎలా చూస్తున్నాను? మామూలుగానే చూస్తున్నాను."

తీగ తగిలించాను. వచ్చాయి చూడండి ఫోటోలు... వరదే. ఇర్మెలి మంచు బండి మీద, ఇర్మెలి పడవలో, ఇర్మెలి ఒళ్లో ఎర్రగా నెలల పిల్ల విల్యా. నా ఫోటోలు అడుగున ఎక్కడో పడిపోయాయి. కంప్యూటర్ ఆవిడ మొహాలన్నీ ఏరి నా ముందు పెట్టి, ఈ వ్యక్తి ఎవరు అని అడిగింది. పేరు రాయలేదు. "ఈ మొహం చూపించవద్దు" అని ఇంకో మీట ఉంటుంది. అది నొక్కాను. ఆవిడ మాయమైంది. ప్రాణానికి హాయిగా అనిపించింది. అయినా కొత్త ఫోటోలు వస్తూనే ఉన్నాయి. మర్నాటికీ అవుతుందో లేదో అన్నంత ఉంది సరుకు.

పండగనాడు మా వైపు ఒక పద్ధతుంది. నీలం వెలుగు పోయేలోపే బతికున్నవాళ్లంతా ఆవిరి స్నానం ముగించుకోవాలి. ఆ తర్వాత గది ఆరబెట్టం. వెచ్చగా అలాగే వదిలేస్తాం. అది పోయినవాళ్ల వంతు. ఆ రోజు కూడా అందరం చేశాక హెల్వి అత్తయ్య వెనక్కి వెళ్లింది. ఆవిరి పుట్టించే వేడి రాళ్ల మీద ఆఖరి గరిటెడు నీళ్లు పోసింది. స్నానంలో ఒంటికి కొట్టుకునే బర్చి చెట్టు కొమ్మల కట్ట నీళ్లలో నానేసి, ఉతికిన తువ్వాలు పరిచి తలుపు దగ్గరికి వేసింది.

"రేపు పొద్దుటిదాకా ఇటు ఎవరూ రాకూడదు," అంది. నా వైపే చూస్తూ అంది. "నీ పెట్టె సంగతి కూడా రేపే అమ్మాయ్."

"అలాగే అత్తయ్యా."

"ఇర్మెలికి ఆవిరంటే ప్రాణం. పాపం, ఏడాదికోసారి."

ఇదిగో, మళ్లీ ఆవిడే.

తర్వాత కొవ్వొత్తులు పట్టుకుని శ్మశానానికి బయల్దేరారు. పండగనాడు ఊరంతా అక్కడే ఉంటుంది. నేను ఓవెన్‌లో పంది తొడ మాడుతుందని చెప్పి ఉండిపోయాను. అబద్ధం. ఇల్లు ఖాళీ అయితే ఆ తీగ పీకేద్దామని నా ఆలోచన. సగం ఫోటోలు వస్తే వచ్చాయి. పాత డిస్కు కదా, పాడైపోయింది అంటే ఎవరు కాదంటారు?

కారు చప్పుడు దూరమయ్యాక లేచాను.

నడవాలో దీపం వెయ్యలేదు. బట్టలు మార్చుకునే గది తలుపు సందులోంచి సన్నగా వెలుగు వస్తోంది. తెర ఆపేసే వచ్చానే అనుకున్నాను. పిడి పట్టుకుంటే వెచ్చగా తగిలింది. లోపలికి అడుగు పెట్టగానే బర్చి ఆకుల వాసన, తారు సబ్బు వాసన. ఆవిరి గదికున్న అద్దం తలుపు తెల్లగా మూసుకుపోయి ఉంది. అత్తయ్య నీళ్లు పోసి చాలాసేపైంది. ఈపాటికి ఆ తెలుపు విడిపోవాలి.

పై అరలో పెట్టె దీపం టకటకా వెలిగి ఆరుతోంది. డిస్కులు గరగరమంటున్నాయి. రాస్తున్నట్టు కాదు. ఎవరో చదువుతున్నట్టు.

తెర మీద ఒక ఫోటో ఉంది. విల్యా మొదటిసారి బడికి వెళ్లిన రోజుది. వీపు మీద దానికంటే పెద్ద సంచి.

లోపల రాళ్ల మీద నీళ్లు పడ్డాయి. సుయ్‌య్‌మని...

"తర్వాతది," అని వినిపించింది. గుసగుసగా. అద్దం అవతలి నుంచి.

ఫోటో మారింది. విల్యా ముందు పళ్లు ఊడినప్పటిది.

మళ్లీ సుయ్‌య్...

"తర్వాతది."

విల్యా సైకిల్ మీద. విల్యా పుట్టినరోజు. విల్యాకి జ్వరం తగ్గిన పొద్దున నా భుజం మీద నిద్రపోతూ. అన్నీ ఈ మూడేళ్లవే. ఇర్మెలి పోయాక తీసినవే... ఆవిడ చూడనివి.

ఏం చెప్పను, అంత భయంలోనూ ముందు కోపమే వచ్చింది. ఆ ఫోటోలు నావి. ఆ మూడేళ్లూ నావి. ఇప్పుడు వాటి కోసమూ వచ్చిందా?

చెయ్యి చాపి పాత డిస్కు తీగ పట్టుకుని ఒక్క లాగు లాగాను. ఊడి వచ్చేసింది. చేతిలో వేలాడుతోంది.

పెట్టె దీపం ఆగలేదు.

"తర్వాతది."

ఈసారి వచ్చింది గడ్డకట్టిన చెరువు మీద ఫోటో. చేపల కోసం తవ్విన కన్నం పక్కన నేనూ విల్యా, చెంపకి చెంప ఆనించుకుని. తానెలి తీశాడు. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఫోటో.

అది మారలేదు. ఎంతసేపటికీ మారలేదు...

విల్యా మొహం చుట్టూ తెల్లటి గీత వచ్చింది. కింద విల్యా అని పేరు. నా మొహం చుట్టూ గీత వచ్చింది. కింద ఔతి అని పేరు.

చివరి అక్షరం చెరిగిపోయింది.

తర్వాత మొదటిది.

కింద ఖాళీ. "ఈ వ్యక్తి ఎవరు?" అని అడిగింది తెర.

బల్ల మీద కీబోర్డు దగ్గర ఎవరూ లేరు. మీటలు మాత్రం ఒక్కొక్కటే కిందికి దిగి లేస్తున్నాయి. దిగిన ప్రతి మీట మీదా ఒక నీటిచుక్క...

ఇ.

ర్మె.

లి.

"అది నేను!" అని అరిచాను. గొంతు కీచుగా వచ్చింది. "ఆ మొహం నాది!"

అద్దం అవతల నీళ్ల చప్పుడు ఆగింది.

"తెలుసు," అంది.

ఎలా బయటపడ్డానో నాకు తెలియదు. వంటింట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాను. జుట్టంతా తడిసి మెడకి అంటుకుపోయింది. ఓవెన్‌లో మాంసం చిటపటలాడుతోంది. గోడ మీద ఫోటో వైపు చూడాలనిపించలేదు. నా పేరు నేనే పైకి అనుకున్నాను, ఔతి, ఔతి అని. నా నోట్లోనే ఉంది కదా, ఎక్కడికి పోతుంది?

కారు వచ్చింది. గుమ్మంలో బూట్లు దులుపుకుంటున్న చప్పుడు. వాళ్ల మాటలు వినేసరికి ఏడుపొచ్చింది. తానెలికి అంతా చెప్పేయాలి, ఎంత తిట్టినా సరే అనుకున్నాను.

తలుపు తోసుకుని విల్యా పరిగెత్తుకొచ్చింది. ముక్కు ఎర్రగా, టోపీ పక్కకి జారిపోయి.

"అమ్మా!"

వెనక్కి తిరిగి చూశాను. నా వెనక ఎవరూ లేరు. అది వచ్చి నా మెడ కావిలించుకుంది. చల్లటి చెంప నా చెంపకి ఆనించింది. మూడేళ్లు... ఈ ఒక్క మాట కోసం నేను మూడేళ్లు కాచుకున్నాను. గట్టిగా హత్తుకున్నాను. ఆవిరి గదీ మర్చిపోయాను, అన్నీ మర్చిపోయాను.

"అమ్మా, ఔతి సమాధి రాయి మీద మంచు అంతా నేనే తుడిచా," అంది విల్యా నా చెవిలో. "నాన్న ఒక్క అగ్గిపుల్లకే కొవ్వొత్తి వెలిగించాడు."

తానెలి చేతి తొడుగులు తీసి పొయ్యి మీద ఆరేస్తున్నాడు. మొహంలో ఏ మార్పూ లేదు.

"మనం తప్ప ఆవిడకి ఎవరున్నార్లే," అన్నాడు. "ఇర్మెలీ, మాంసం తీశావా? వాసన బయటికొస్తోంది."

నేను ఔతిని అని చెప్పాలి. నోరు తెరిచాను. ఒక్క మాట చాలు. నేను ఔతిని.

విల్యా వేళ్లు నా తడి జుట్టులో ఉన్నాయి. "అమ్మా, ఆకలేస్తోంది," అంది.

నోరు మూసుకున్నాను.

"ఇదిగో తల్లీ, పెడతాను," అన్నాను.

నడవా చివర, మూసిన తలుపు వెనకాల, రాళ్ల మీద నీళ్లు పడిన చప్పుడైంది. సుయ్‌య్... ఆ వెంటనే ఎవరో ఏడుస్తున్నట్టు, లోపలి నుంచి అద్దం మీద అరచేత్తో కొడుతున్నట్టు. నేను లేచి అటు కదలబోయాను. హెల్వి అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ లేనంత ప్రేమగా పట్టుకుంది.

"వెళ్లకు ఇర్మెలీ," అంది గుసగుసగా. "ఔతి స్నానం చేస్తోంది. చెయ్యనీ. పాపం, ఏడాదికోసారి."