పాడుపెట్టిన ఇంట్లో దోమలు

1993 అక్టోబరు. అప్పుడు నాది దినకూలీ మీద దోమలు పట్టే పని. ఎవరూ పిలిచి ఇవ్వలేదు. మలేరియా ఆఫీసు చుట్టూ పదకొండుసార్లు తిరిగి నేనే అడిగి తెచ్చుకున్నాను. పొద్దుగూకే వేళ ఇళ్లలోకి వెళ్లాలి. గోడల మీద వాలిన దోమలను నోటితో పీల్చి గాజు గొట్టంలోకి లాగాలి. గంటకు ఎన్ని దొరికాయో రాయాలి.

"దోమల పట్వారి వచ్చిండు, లెక్క చెప్పున్రి" అని, నాతో వచ్చి ఇళ్లకు దోమల మందు కొట్టే ఇస్తారి ప్రతి వాకిట్లో నన్ను ఆటపట్టించేవాడు.

ఆ రోజు సిద్దిపేటకు ఆరు మైళ్ల దూరంలోని ఒక ఊరికి వెళ్లాం. చుట్టూ పొట్టకొచ్చిన వరి. ఆ ఊళ్లో కాంతమ్మ కొడుకు మధుసూదన్, పదేళ్లవాడు, మెదడువాపు జ్వరంతో చనిపోయి నలభై రోజులైంది. పోయిన నక్షత్రం మంచిది కాదని ఇల్లు పాడుపెట్టారు. అంటే మూడు నెలలు తాళం తీయరు, ఎవరూ లోపలికి పోరు. కాంతమ్మ ఆరేళ్ల కూతురు బాలమణిని తీసుకుని పక్కనున్న కొట్టంలో ఉంటోంది.

ఆ జ్వరాన్ని మోసేది దోమ. దోమలు ఆ ఇంట్లోనే దాగి ఉంటే తర్వాతి వంతు బాలమణిదే.

"తాళం తియ్యక్కా. పది నిమిషాలే."

"మూడు నెలలదాక తియ్యొద్దన్నరు సారూ."

"బాలమణి కోసమే అడుగుతున్న."

ఆమె కూతురి వైపు చూసింది. కొంగుముడి విప్పి తాళంచెవి ఇచ్చింది.

ఇస్తారి గడప దగ్గరే ఆగిపోయాడు. "నేను రాను. గీ లెక్క నువ్వే చూస్కో" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

లోపల తడిమట్టి వాసన, పాత గొంగడి వాసన. కిటికీ సందుల్లో కూడా గుడ్డలు కుక్కి ఉన్నాయి. బ్యాటరీ లైటు గోడ మీద వేశాను. గోడ నల్లగా కదిలింది.

పది నిమిషాల్లో అరవై రెండు. గొట్టాన్ని వెలుతురులో పెట్టి చూశాను. అరవై రెండింటి పొట్టలూ ఎర్రగా ఉన్నాయి.

తాగిన నెత్తురు దోమ కడుపులో రెండు రోజులకే నల్లబడుతుంది. ఇది ఇవాళ్టి నెత్తురు. మూసిన ఇల్లు... నలభై రోజులు... ఎవరిది?

చప్.

మూలనున్న మంచం వైపు నుంచి. ఒంటి మీద వాలిన దోమను కొట్టుకున్న చప్పుడు.

చప్... చప్.

"అవ్వా... కుడుతున్నయే..." పిల్లవాడి గొంతు.

లైటు అటు తిప్పలేకపోయాను. గోడల మీదున్నవన్నీ ఒక్కసారిగా లేచాయి. నా చెవులను రాసుకుంటూ, నేను తెరిచిన తలుపులోంచి బయటికి పోయాయి. కొట్టం వైపు.

పరుగెత్తాను. నేను చేరేసరికి బాలమణి మోచేతులు గోక్కుంటోంది.

కుట్టిన ఐదు నుంచి పదిహేను రోజుల్లో జ్వరం రావాలి. "ఒళ్లు వెచ్చబడితే ఒక్క గంట గూడ ఆగకు అక్కా, దవాఖానకు తీస్కరా" అని మూడుసార్లు చెప్పాను. ఇంటికొచ్చి రోజులు లెక్కపెట్టాను. ఆమె రాలేదు. పదహారో రోజు సాయంత్రం, బతికిందనుకుంటూ సైకిలెక్కాను.

బాలమణి వాకిట్లో గచ్చకాయలు ఆడుతోంది. నా ప్రాణం లేచొచ్చింది.

కాంతమ్మ ముఖం వెలిగిపోతోంది. "తొమ్మిదో దినం జ్వరమొచ్చింది సారూ. ఒళ్లు పెనం లెక్క కాలింది. పొద్దుగాల బండి కట్టుకొని నీ దగ్గరికే వద్దామనుకున్న. తెల్లారేసరికి సల్లవడ్డది."

"పూర్తిగా తగ్గిందా?"

"గప్పటిసంది సల్లగనే ఉన్నది. దోమలు గూడ కుడతలేవు."

చీకటి పడుతోంది. నా తల మీద దోమల గుంపు గిర్రున తిరుగుతోంది. కాంతమ్మ తల మీద మరొకటి. ఆమె మాట్లాడుతూనే మెడ మీద కొట్టుకుంటోంది. బాలమణి తల మీద... ఒక్కటి కూడా లేదు. చేతుల మీద, కాళ్ల మీద, ఎక్కడా ఒక్క దద్దురు లేదు.

దోమ మనిషిని వెతుక్కునేది ఊపిరిని బట్టి. ఒంటి వేడిని బట్టి.

"రా సారూ... ఆడుకుందాం" అంటూ పిల్ల చేయి చాపింది.

ఆ చేయి పట్టుకుంటే వేడి ఉందో లేదో తేలిపోయేది. నేను సైకిలు హ్యాండిల్ వదల్లేదు.