రంగూనామె చేను

మార్గశిరం. తెల్లవారి చలి ఇంకా వదల్లేదు. పూతలపట్టులో తాయమ్మ ఇంటి వసారాలో ముగ్గురు ఆడవాళ్లు విత్తనానికి వేరుశనక్కాయలు వొలుస్తున్నారు. తాయమ్మ, పెద్దకోడలు సుబ్బులమ్మ ఒకే చాప మీద కూర్చున్నారు. చిన్నకోడలు మాసేను మాత్రం గడప అవతల గోనెపట్టా మీద కూర్చుంది. ఏడేళ్లుగా ఆమె చోటు అదే. గింజ మీది ఎర్రపొర చెదిరితే మొలక రాదు. ఒక్క పొర కూడా చెదరకుండా వొలిచేది ఆమే. ఆ సంగతి అందరికీ తెలుసు, పైకి అనడానికే ఎవరికీ నోరు రాదు.

మాసేను బర్మా మనిషి. తాయమ్మ చిన్నకొడుకు తిరుమలయ్య రంగూన్ బియ్యం మిల్లులో పనిచేస్తూ ఆమెను పెళ్లాడాడు. జపాను బాంబులు పడ్డప్పుడు ఇద్దరూ అడవుల్లో పడి నడిచి ప్రాణాలతో ఇల్లు చేరారు. ఆమె లుంగీ అంచులో కుట్టుకొని తెచ్చిన కెంపుల కమ్మలు, గాజులు అమ్మి, బావి ఉన్న రెండెకరాలు కొన్నారు. ఊరికి ఆమె రంగూనామె, ఆ చేను రంగూనామె చేను. పట్టా మాత్రం ఇప్పుడు బావ, అంటే తాయమ్మ పెద్దకొడుకు చెంగయ్య పేరున ఉంది.

అదెలా జరిగిందంటే, కిందటేడు తిరుమలయ్య ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టి ఉండగా రంగూన్ స్నేహితుడి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. బర్మాకు స్వతంత్రం వచ్చింది, పరాయి దేశస్థులకు ఇక్కడ ఇంక భూమి చెల్లదు, నీ ఇంటిస్థలం మీద ఆశ వదులుకో అని. అది అక్కడి చట్టం. ఈ అమాయకుడు ఇక్కడా అంతే అనుకున్నాడు. తను పోతే పరాయి దేశపు పెళ్లానికి చేను దక్కదని భయపడి, దాన్ని అన్న పేరున రాసేశాడు. చెంగయ్య తమ్ముడి చేతిలో చెయ్యేసి, ఆమెను చూసుకుంటానని ఒట్టు పెట్టాడు. గొర్రె కసాయినే నమ్ముతుందంటారు, ఊరికే అన్నారా! తిరుమలయ్య పోయి ఆరు నెలలైంది.

చెంగయ్య చేని నుంచి గబగబా వచ్చాడు.

"విత్తనం బుట్ట ఎత్తండి! నాలుగు దినాలు బావి మీద ఎడ్లతో కపిల తోలి నీళ్లు పెట్టినాము. మన్నులో పదును ఇప్పుడే ఉండాది, ఎండెక్కితే ఆరిపోతాది." గడప అవతలికి చూసి గొంతు మార్చాడు. "నువ్వు రావద్దు మే. వచ్చే వారం చెన్నపట్నంలో వోడ ఉందంట. టిక్కెట్టు నేనే తీసిస్తా. మీ దేశం నువ్వు పో."

వొలిచే చేతులన్నీ ఆగిపోయాయి.

"నా దేశం ఇదే బావా," అంది మాసేను. "నిన్న చిత్తూరికి పోయినాను. జయరావు వకీలును అడిగినాను. అయిదేండ్లకు పైన ఈడే కాపురముండి, ఇదే నా ఊరనుకున్నోళ్లు ఈ దేశం మనుషులేనంట. పోయిన నెల డిల్లీలో ఒప్పుకున్న కొత్త రాజ్యాంగంలో ఉండాదంట. నాకు ఏడేండ్లు. పరాయి దేశం మనిషి ఈడ చేను పెట్టుకోకూడదనే చట్టం ముందు నుంచీ లేదంట. ఆయన ఉత్తపుణ్యానికి భయపడినాడు."

చెంగయ్య నవ్వాడు. "ఈ దేశం మనిషివే అయిపో, ఎవురు వద్దన్నారు? పట్టా నాది."

"నువ్వు ఒట్టు పెట్టినప్పుడు అత్త ఆడనే ఉండింది. అత్తా, నువ్వే చెప్పు."

తాయమ్మ బుట్ట నెత్తిన పెట్టుకొని చేని దారి పట్టింది. రావద్దన్నా మాసేను వెనకే నడిచింది.

చేనిలో ఎడ్లకు కట్టిన రెండు మడకలు తొలి సాలు దున్ని ఆగి ఉన్నాయి. సాలులో మొదటి పిడికెడు విత్తనం ఆ చేను గల ఇంటి ఆడమనిషి వెయ్యాలి. అది పడందే మడక కదలదు. ఇన్నేళ్లూ తాయమ్మే వేసింది. మాసేనును ఆ బుట్ట తాకనివ్వలేదు.

తాయమ్మ బుట్టలో చెయ్యి పెట్టింది. ఒక్క పొర చెదరని గింజలు. ఎవరు వొలిచినవో చూడక్కర్లేదు. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నేను వెయ్యను," అంది.

"ఏమమ్మా?"

"సచ్చిన బిడ్డకు పెట్టిన ఒట్టు తప్పి తినే కూటికి నా చేత్తో విత్తనం వెయ్యను రా."

చెంగయ్య పెళ్లాం వైపు తిరిగి అరిచాడు. "నువ్వు వెయ్యి!"

సుబ్బులమ్మ చేతులు కొంగులో దాచుకుంది. "నాకూ బిడ్డలుండారు. ఆ పాపం నాకొద్దు."

మడకలు పట్టుకున్న మనుషులు సూర్యుణ్ణి చూశారు. గట్టు పక్క మన్ను అప్పుడే తెల్లబడుతోంది. చెంగయ్యకు ధర్మం గుర్తొచ్చిందో లేదో గాని, పదును పోతోందని మాత్రం తెలిసింది.

"సరే, సోమవారం చిత్తూరికి పోయి తిరగ రాసిస్తా. ముందు విత్తనం పడనీండి!"

"ఈళ్లందరి ముందర చెప్పు, చేను ఎవురిది?" అంది తాయమ్మ.

"రంగూనామెది."

"ఆ మనిషికి పేరు లేదా?"

"మాసేనుది," అన్నాడు చెంగయ్య నేల చూస్తూ.

తాయమ్మ బుట్ట చాచింది. "రా మే. నువ్వే వెయ్యి. నువ్వు నా కోడలివి."

మాసేను వెంటనే అందుకోలేదు. ఆమె కళ్లలో నీళ్లు లేవు, అవి ఎప్పుడో అయిపోయాయి.

"ఈ మాట ఆయన ఉండగా ఒక్కసారి అనింటే చాలు కదా అత్తా! ఆ ఉత్తరం వచ్చిన దినం, 'పరాయి దేశం దాని పేరున మన భూమి నిలుస్తాదా' అనింది నువ్వే. ఆయన ఒక్క చట్టానికే భయపడలేదు. తను పోతే నన్ను మీలో కలుపుకోరని భయపడినాడు. అందుకే చేను రాసిచ్చి ఒట్టు పెట్టించుకున్నాడు."

తాయమ్మ సాలులోనే కూలబడింది. "నా బిడ్డ నన్ను నమ్మకుండానే పోయినాడా..." అని మన్ను గుప్పిట పట్టుకొని ఏడ్చింది. కొడుకు పోయిన నాడు కూడా అంత ఏడుపు ఏడవలేదు.

మాసేను ఓదార్చలేదు. బుట్ట తీసుకొని, పిడికిలి నింపుకొని, సాలులో మొదటి విత్తనం వేసింది. ఎడ్లు కదిలాయి.

మాసేను వెనక్కి వచ్చి తాయమ్మకు చెయ్యి చాచింది.

"లెయ్ అత్తా. మడక వస్తాండాది."

ఏడేళ్లలో తాయమ్మ ఆ చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.