బ్రిన్ కారుని తోసినవాడు

"ఏమయ్యా, అది టార్పాలిన్ అనుకున్నావా, హైవే అనుకున్నావా?" అంది బ్రిన్.

ఎమ్మెట్ కిందికి చూశాడు. అతని ట్రక్కు ముందు చక్రం బ్రిన్ పరిచిన నీలం టార్పాలిన్ ఎక్కి ఉంది. ఉప్పు నేల మీద నూనె చుక్క పడకూడదని ఆ పందేల మైదానంలో అందరూ కారు కింద పరుచుకుంటారు. తడి ఉప్పు చక్రంతో దాన్ని తొక్కడమంటే, అప్పుడే తుడిచిన ఇంట్లోకి బురదకాళ్ళతో రావడమే.

"సారీ. నీ కారు చూద్దామని వచ్చా."

"ఇప్పుడే ముందు నుంచి చూసుకో. రేపట్నుంచి వెనక నుంచే చూడాలి."

అతను నవ్వాడు. వాళ్ళిద్దరి కార్లూ పోటీపడే క్లాసులో వేగం రికార్డు అతనిదే మరి.

అమెరికాలో వెండోవర్ పక్కన ఉప్పు మైదానంలో ఏటా ఆగస్టులో జరిగే ఈ కార్ల వేగం పందేల్లో గెలిస్తే డబ్బు రాదు. రికార్డుల పుస్తకంలో పేరెక్కుతుంది, అంతే. ఆ ఒక్క వరుస కోసం బ్రిన్ స్కూలు బస్సులు రిపేరు చేసి సంపాదించిందంతా ఏళ్ళ తరబడి ఇంజన్లో పోసింది. ఆమె ఇంట్లో సోఫా ఉండాల్సిన చోట గేర్‌బాక్సు ఉంది. నిరుడు ఒక బాయ్‌ఫ్రెండు "అదా, నేనా?" అని అడిగి, జవాబు విని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆమె మొదటి పరుగు ఎమ్మెట్ రికార్డుని దాటింది. అయితే అది సగం పనే. ఆ మరుసటి పొద్దున మళ్ళీ పరిగెత్తాలి. రెండిటి సగటే లెక్క. పరిగెత్తకపోతే మొదటిదీ పోయినట్టే.

ఆ పొద్దున, సరిగ్గా బయల్దేరే లైను దగ్గర, బ్రిన్ వాళ్ళ నాన్న డేల్ ట్రక్కు గేరు విరిగింది.

ఆ ట్రక్కు లేనిదే కారు కదలదు. మహా వేగానికి పెట్టిన గేర్లతో అది తనంతట తాను బయల్దేరలేదు. వెనక నుంచి ట్రక్కు తోసి, పరుగందుకున్నాక వదలాలి.

"ఎమ్మెట్ ట్రక్కు ఉంది కదమ్మా," అన్నాడు డేల్.

"అతనా? సగంలో యాక్సిలరేటర్ మీంచి కాలెత్తేస్తాడు. నా ఇంజన్ దగ్గి ఆగిపోతుంది. ఎవరూ తప్పు కూడా పట్టరు."

"వినపడుతోంది," అన్నాడు పక్కనే ఉన్న ఎమ్మెట్. "తోయమంటావా, తిట్టుకుంటూ నిలబడతావా?"

"తిట్టుకుంటూనే ఎక్కుతాను," అని బ్రిన్ హెల్మెట్ పెట్టుకుంది.

ట్రక్కు బంపరు ఆమె కారుకి ఆనింది. రెండూ కదిలాయి. కొంత దూరం వెళ్ళాక బ్రిన్ వీపుకి తెలిసింది, తోపు సడలింది. ఇంజన్ ఒక్కసారి దగ్గింది. అంతలోనే వెనక నుంచి గట్టి తోపు వచ్చింది. ఇంజన్ అందుకుంది. కారు తెల్లటి నేల మీద చుక్కయి మాయమైంది.

రెండు పరుగుల సగటు వేగం రేడియోలో చెప్పారు. ఎమ్మెట్ పక్క సీట్లో కూర్చున్న డేల్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. రికార్డు చేతులు మారింది.

మైదానం అవతలి కొసన బ్రిన్ హెల్మెట్ తీసి, వెనకే ట్రక్కులో వచ్చిన ఎమ్మెట్ దగ్గరికి నేరుగా వచ్చింది.

"మధ్యలో కాలెత్తావు."

"ఎత్తాను."

"మళ్ళీ ఎందుకు తొక్కావు?"

అతను బూటుతో ఉప్పు గీకాడు. "ఓడితే నువ్వు వచ్చే ఏడు వస్తావో రావో. మీ ఇంట్లో అమ్ముకోడానికి సోఫా కూడా లేదటగా, మీ నాన్న చెప్పాడు. నేనైతే ఓడినా వస్తాను. గెలిస్తే నువ్వూ వస్తావు, నా దగ్గర్నుంచి రికార్డుని కాపాడుకోడానికి."

"అంటే ఏడాదికోసారి చూస్తే చాలా నీకు?"

"చాలదు." అతని చెవులు ఎర్రబడ్డాయి.

"అయితే మా ఊరు రా. కూర్చోడానికి గేర్‌బాక్సు ఉంది." హెల్మెట్ చంకలో పెట్టుకుని అంది, "కానీ ఒకే క్లాసులో ఒకే ఇంట్లో రెండు కార్లంటే కష్టం. ఒకటి అమ్మాలి."

"నిజమే. నీది అమ్మేద్దాం."

"రికార్డు కారునా? నీదే!"

"నాది మా తాత చేత్తో కట్టిన—"

"ఆపండర్రా," అన్నాడు డేల్ ట్రక్కులోంచి. "రెండు కార్లూ ఉంచుకుని ఇల్లు అమ్ముకోండి. పెళ్ళి ఇక్కడే చేసేద్దాం, పందిరికి టార్పాలిన్ ఉందిగా."