గ్రిజెల్ గురించి నేను చెప్పిన కథ

డిసెంబరులో ఎడిన్‌బరోలో మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడుతుంది. పాత పబ్బులు చూపించే మా నడక టూరు ఆ వేళకి నాలుగు పబ్బులు దాటి, గ్రాస్‌మార్కెట్ వెనక సందులో ఉన్న చివరి పబ్బుకి చేరుతుంది. పైన పొయ్యి, బీరు, తడి కోట్ల వాసన. కింద రాతి నేలమాళిగ, అందులో ఇనప మూత వేసిన నుయ్యి.

ఆ రోజు గదులు వెచ్చబెట్టే బాయిలర్ చెడిపోయి బడికి సెలవిచ్చారు. మా ఆరేళ్ళ కర్స్టీని వెంట తెచ్చుకోక తప్పలేదు. పబ్బు నడిపే షీనా వంటింట్లో కూర్చోబెట్టాను. వెనక వాకిలి గడియ స్వయంగా చూసుకున్నాను. ద్రాక్షపండ్లు ఒక్కొక్కటీ సగానికి కోసి పెట్టాను. జాగ్రత్తలు మూడోసారి మొదలుపెట్టేసరికి, "నేనూ నలుగుర్ని పెంచానులేవే ఐలీన్, ఇక వెళ్ళు" అని షీనా నన్ను బయటికి తోసింది.

మా గైడుల్లో ఒక అలవాటుంది. కథ చప్పగా ఉంటే కాస్త ఉప్పూ కారం వేస్తాం. చివరి పబ్బులో జనం వణకాలి మరి. ఈ పబ్బు గురించి దొరికింది చర్చి చావుపుట్టుకల పుస్తకంలో ఒక్క వాక్యం. మూడున్నర శతాబ్దాల కిందట ఇక్కడ బీరు కాచిన గ్రిజెల్ అనే ఆవిడ రెండేళ్ళ కూతురు జ్వరంతో పోయింది, ఎనిమిది రోజులకి తల్లీ పోయింది. అంతే. దానికెవరు వణుకుతారు? పిల్ల ఏడుపుకి గిరాకీ పోతోందని తల్లే దాన్ని నూతిలో ముంచేసిందని నేను కలిపాను. రెండేళ్ళలో ఊళ్ళో గైడులందరూ అదే చెప్పడం మొదలుపెట్టారు.

ఆ రోజు పన్నెండుమంది వచ్చారు. వాళ్ళలో డూగల్ అనే గ్లాస్గో పెద్దాయన దారంతా నన్ను ఆటపట్టిస్తూనే ఉన్నాడు. "మా ఊళ్ళో దెయ్యాలు కూడా పలకరిస్తాయమ్మా. మీ ఊళ్ళో మనుషులే పలకరించరు." అందరూ నవ్వుతూనే మెట్లు దిగారు.

లాంతరు పట్టుకుని మొదలుపెట్టాను. తడి రాయి వాసన, పులిసిన గింజల వాసన. కథ సగానికి వచ్చేసరికి ఇంకో వాసన కలిసింది. జ్వరంతో పడుకున్న పసిపిల్ల ఊపిరి వాసన. పిల్లల్ని పెంచినవాళ్ళకి అది తెలుస్తుంది.

నా చెవి వెనక ఎవరో గుసగుసలాడారు.

"దానికి ఒళ్ళు కాలిపోయింది..."

తిరిగి చూశాను. గోడ.

"రాత్రంతా తడిగుడ్డ వేస్తూనే ఉన్నాను... నిజం చెప్పవే."

మిగతావాళ్ళకి వినపడలేదు. పన్నెండు మొహాలూ నా నోటివైపే చూస్తున్నాయి. ఆపేశావేంటి, ముంచిందా లేదా అని డూగల్ అడిగాడు. నిజం చెప్పడానికి ఒక్క క్షణం దొరికింది నాకు. కానీ కథ అక్కడ చచ్చిపోతుంది...

"ముంచింది," అన్నాను. "బుడగలు ఆగేదాకా."

లాంతరు ఆరిపోయింది.

"సరే," అంది ఆ గొంతు, చాలా నెమ్మదిగా. "ఇక నీ గురించి నేను చెబుతాను."

పైన కర్స్టీ అరిచింది. అరుపు మధ్యలోనే తెగిపోయింది.

చీకట్లో మెట్లు ఎలా ఎక్కానో తెలీదు. వంటింట్లో షీనా నేల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో కర్స్టీ. తల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఊపిరి తీస్తోంది. బతికే ఉంది. చేతులు చాచాను. నా బిడ్డ నన్ను చూసి షీనా మెడలో మొహం దాచుకుంది.

"దగ్గరికి రాకు," అంది షీనా.  "వెనక వాకిట్లో వాననీళ్ళ పీపాలో... నువ్వు దాని తల పట్టుకుని... నా కళ్ళతో చూశానే. నేను లాక్కోకపోతే..."

నేను కింద ఉన్నానని, పన్నెండుమంది సాక్షులున్నారని చెప్పాను. వెనక మెట్ల మీద నిలబడ్డ డూగల్‌ని అడగమన్నాను. ఆయన నా కళ్ళలోకి చూడలేదు.

"మధ్యలో నువ్వు పైకెళ్ళావు కదమ్మా," అన్నాడు మెల్లగా.

పోలీసులకి పన్నెండుమందీ అదే చెప్పారు. నా చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి. మణికట్టు మీద చిన్న చిన్న గోళ్ళ గాట్లు.

కర్స్టీ ఇప్పుడు రైల్లో మూడున్నర గంటల దూరాన ఇన్వర్నెస్‌లో మా అత్తగారి దగ్గర ఉంటోంది. బెయిలు షరతు, నేను దానికి వంద గజాల దగ్గరికి కూడా వెళ్ళకూడదు. రోజూ ఉదయం అత్తగారికి ఫోన్ చేస్తాను. అన్నం తిందా, మఫ్లర్ కట్టారా అని అడుగుతాను. ఆ పబ్బులో గైడులు గ్రిజెల్ కథ మానేశారట. కొత్త కథ దొరికిందట.

ఆరు వారాలకి గాట్లు మానిపోయాయి. ఈ ఉదయం లేచి చూస్తే మళ్ళీ ఉన్నాయి. పచ్చిగా.

ఫోన్ చేశాను. కర్స్టీ ఎలా ఉందని అడిగాను.

"నిద్రపోతోంది," అంది అత్తగారు.  తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"ఐలీన్... దీని జుట్టంతా తడిగా ఉందేంటి? రాత్రి నువ్విక్కడికి వచ్చావా?"