పెట్టె లేని టీవీ

పొద్దున్నే కుట్టుమిషన్ ముందు కూర్చుని స్కూలు యూనిఫాం చొక్కాలకు కాలర్లు వేస్తున్న పెద్ద కోడలికి మెట్ల మీద బరువైన అడుగుల చప్పుడు వినిపించింది. తల తిప్పి చూస్తే ఇద్దరు మనుషులు ఒక పెద్ద అట్టపెట్టెను మేడ మీదికి మోస్తున్నారు. వెనకాలే మరిది, ముఖం చేటంత చేసుకుని, గోడకి తగలనివ్వొద్దని హెచ్చరిస్తూ ఎక్కుతున్నాడు.

అదేమిటని ఆమె అడగలేదు. అడిగితే చెప్పేవాడే. కానీ ఇంట్లోకి ఒక వస్తువు వస్తోందంటే ముందు తనకి తెలియాలి, ఆ తర్వాతే అది గడప దాటాలి అన్నది ఆమె లెక్క. ఆ లెక్క తప్పేసరికి సూది కింద కాలర్ కూడా వంకర పోయింది.

ఆ ఇంట్లో కింద పెద్దవాళ్ళు, పైన చిన్నవాళ్ళు. వంట అందరికీ కిందే. టీవీలు రెండున్నా సెట్ టాప్ బాక్స్ మాత్రం ఒక్కటే. అది కింద హాల్లో, కుట్టుమిషన్ పక్కన ఉండేది. దాన్నుంచి ఒక వైరు కిటికీలోంచి బయటికి పోయి, గోడ వెంబడి పైకి పాకి, చిన్న కోడలి గదిలోని పాత టీవీకి చేరేది. పెట్టె ఒక్కటే కాబట్టి కింద ఏ ఛానెల్ పెడితే పైనా అదే. కింద సీరియల్ అయితే పైనా సీరియలే. కింద కట్టేస్తే పైన నల్లటి తెరే. చిన్న కోడలు కాపురానికొచ్చిన ఎనిమిదేళ్ళ నుంచీ ఇదే ఏర్పాటు. ఆ అమ్మాయి ఏ రోజూ నోరు తెరిచి ఏమీ అనలేదు కాబట్టి ఆమెకీ ఇదే నచ్చిందని పెద్ద కోడలు అనుకుంది. మనకి అనుకూలంగా ఉన్నవి ఎదుటివాళ్ళకీ నచ్చాయనుకుంటే ఎంత హాయి!

కొత్త టీవీ సంగతి టీ తాగేటప్పుడు తెలిసింది. ట్యూనర్ అందులోనే ఉంటుందట, పెట్టె అక్కర్లేదట. డాబా మీద ఓ యాంటెన్నా నిలబెడితే గాలిలో వచ్చే ఛానెళ్ళని టీవీయే వెతికి పట్టుకుంటుందట. మరిది చెబుతుంటే అత్తగారు కప్పు పట్టుకుని తాగడం మరిచిపోయారు. చిన్న కోడలు కళ్ళద్దాల షాపులో పని చేస్తుంది. టైమవుతోందని బ్యాగు సర్దుకుంటూ, "ఇక మా వల్ల నీకు ఇబ్బంది ఉండదక్కా" అంది.

మామూలుగా అన్న మాటే. పెద్ద కోడలికి మాత్రం ఎక్కడో కలుక్కుమంది. ఇబ్బంది అని తనెప్పుడైనా అందా? ఇవాళ వైరు తెంపుకున్నవాళ్ళు రేపు పొయ్యి వేరు పెట్టరని ఏముంది?

ఇంతకీ ఎన్ని ఛానెళ్ళొస్తాయని మరిదిని అడిగింది. ఉచితంగా వచ్చేవి ఓ పదో పదిహేనో అన్నాడు. మన పెట్టెలో వందలొస్తాయి కదా అని ఆమె మూతి తిప్పింది. "ఎన్నొచ్చినా ఒకసారికి చూసేది ఒకటే కదమ్మా" అన్నారు అత్తగారు, తాపీగా.

అసలు దెబ్బ ఆ సాయంత్రం తగిలింది. రోజూ ఆ వేళకి తన పక్కన కుర్చీ వేసుకుని, గుండీలు ఏరిపెడుతూ, సీరియల్లో అత్తలనీ కోడళ్ళనీ సమానంగా తిట్టిపోసే అత్తగారు ఆ రోజు మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కారు. పైన పాత సినిమా వస్తోందట. మర్నాడూ ఎక్కారు. ఆ పైరోజు అడగకుండానే ఎక్కారు. చిన్న కోడలు షాపు నుంచి రాగానే ఇద్దరి నవ్వులూ పైనుంచి వినిపించేవి. ఎందుకు నవ్వుతున్నారో కిందనున్నామెకి తెలిసే దారి లేదు.

దాచి లాభం లేదు, పెద్ద కోడలు కుళ్ళిపోయింది. నవ్వు వినిపిస్తే కడుపు మండేది. వినిపించకపోతే గుసగుసలాడుకుంటున్నారేమోనని ఇంకా మండేది. బస్సు డ్యూటీ దిగి వచ్చిన భర్త దగ్గర ఏకరువు పెడితే, ఆయన చొక్కా విప్పుకుంటూ, నీ పెట్టె నీకుంది, నీ ఛానెల్ నీకుంది, ఇంకేం కావాలే అన్నాడు. ఏం కావాలో ఆమెకి తెలుసు. నోటితో చెప్పుకునేది కాదు. తను చూసేదే వాళ్ళూ చూడాలి, అంతే.

ఒకరోజు ఉదయం డాబా మీద దుప్పటి దులుపుతుంటే కొస వెళ్ళి యాంటెన్నాకి తగిలింది. ఊచ కాస్త పక్కకి తిరిగింది. ఆ సాయంత్రం పైన బొమ్మ గళ్ళు గళ్ళుగా విరిగిపోయిందనీ, మాట ముక్కలు ముక్కలుగా వస్తోందనీ గొణుక్కుంటూ అత్తగారు కిందికి దిగొచ్చారు. కుర్చీ లాక్కుని, గుండీల డబ్బా ఒళ్ళో పెట్టుకున్నారు. పెద్ద కోడలికి ప్రాణం లేచొచ్చింది.

మర్నాటి నుంచి దుప్పటి సాయం అక్కర్లేకపోయింది. బట్టలు ఆరేయడానికి వెళ్ళినప్పుడు చేత్తోనే ఒక తిప్పు తిప్పి వచ్చేది. మరిది మళ్ళీ మళ్ళీ ఛానెళ్ళు వెతికించాడు. టీవీ షాపువాడు వచ్చి సరిచేసి వెళ్ళాడు. మరుసటి రోజుకి మళ్ళీ మొదటికొచ్చింది. చివరికి మరిది గొంతు మెట్ల మీదుగా కిందిదాకా వినిపించింది. పెట్టె ఉన్నప్పుడే నయం, నువ్వే పట్టుబట్టి కొనిపించావు, ఆదివారం తీసుకెళ్ళి తిరిగిచ్చేస్తానని అరుస్తున్నాడు.

పెద్ద కోడలు గెలిచింది. అత్తగారు పక్కనే ఉన్నారు. సీరియల్ నడుస్తోంది. కానీ అత్తగారు తెర వైపు కాకుండా మాటిమాటికీ మెట్ల వైపు చూస్తున్నారు. "పాపం, ఆ పిల్ల ఒక్కతే కూర్చుందేమో" అన్నారు. ఆ మాటకి పెద్ద కోడలు మిషన్ కాస్త గట్టిగా తొక్కింది.

ఆదివారం ఉదయం ఆమె బట్టల బకెట్‌తో డాబా మీదికి వెళ్ళింది. టీవీ షాపుకి తిరిగి వెళ్ళేదాకా కూడా ఆగలేక ఊచ మీద చెయ్యి వేసింది. వెనకనుంచి చిన్న కోడలి గొంతు వినబడింది.

"తడి బట్టలు తగిలాయా అక్కా?"

చెయ్యి అక్కడే ఉండిపోయింది. దొంగతనం పట్టుబడ్డాక మనిషికి రెండే దారులు. ఏడవడం, లేదా ఎదురు తిరగడం. పెద్ద కోడలు రెండోది పట్టుకుంది.

"అవును, తిప్పాను. ఏం? ఒక్క మాట చెప్పకుండా టీవీ తెచ్చుకున్నారు. అత్తయ్యని పైకి లాక్కున్నారు. రేపు పొయ్యి కూడా పైకి పట్టుకుపోతారు. ఇన్నేళ్ళలో నీకేం తక్కువ చేశాను?"

"తక్కువేం చెయ్యలేదు" అంది చిన్న కోడలు. ఆమె అరవలేదు. అదే పెద్ద కోడలిని భయపెట్టింది. "రెండేళ్ళ కిందట నీళ్ళ మోటారు కట్టెయ్యలేదని నా మీద కోపం వచ్చింది, గుర్తుందా? ఆ సాయంత్రం నువ్వు పెట్టె కట్టేసి పడుకున్నావు. అప్పుడే మా చెల్లెలు టీవీలో పాడుతోంది. పాటల పోటీలో. తర్వాత నాన్న ఫోన్ చేసి ఎలా పాడిందమ్మా అని అడిగాడు. చాలా బాగా పాడిందని చెప్పాను. చూసినట్టే చెప్పాను."

ఆ కోపం కూడా పెద్ద కోడలికి గుర్తులేదు. అలా ఎన్నిసార్లు కట్టేసిందో లెక్కే లేదు.

"దిగొచ్చి అడగాల్సింది. పెట్టకపోదునా?"

"అడిగితే పెట్టేదానివే. కానీ ప్రతిదీ అడగాలి కదక్కా." ఆమె కళ్ళు తుడుచుకుంది. "పొయ్యి వేరు పెట్టాలని కాదు. ఒక్క మీట నా చేతిలో ఉండాలని కొనిపించాను. ఎనిమిదేళ్ళలో అత్తయ్య నా గదిలో కాళ్ళు చాపుకుని కూర్చున్నది ఈ నాలుగు రోజులే. అది కూడా నువ్వు ఓర్చుకోలేకపోయావా?"

పెద్ద కోడలు ఊచ వదిలేసింది. తడి బట్టల బకెట్ పక్కనే చతికిలబడింది.

"ఓర్చుకోలేకపోయాను" అంది. "కుళ్ళొచ్చింది నాకు. మీ ఇద్దరూ నవ్వుతుంటే పిచ్చెక్కినట్టుండేది. ఇంత వయసొచ్చి, టీవీ బొమ్మ చూసి కుళ్ళుకున్నాను. నీ మొగుడితో నీకు మాటలు పడేలా చేశాను."

ఆ మాట బయటికి వచ్చాక ఏడుపు దానంతటదే వచ్చింది. చిన్న కోడలు వచ్చి పక్కన కూర్చుంది.

"కుళ్ళు నీ ఒక్కదానికే ఉందనుకున్నావా?" అంది. "ఇన్నేళ్ళూ నాకూ అదేగా. కింద నువ్వూ అత్తయ్యా పడీపడీ నవ్వేవాళ్ళు. పైన అదే బొమ్మ నేనూ చూసేదాన్ని. మీరెందుకు నవ్వుతున్నారో తెలిసేది. కానీ నవ్వడానికి పక్కన మనిషి లేదు. నన్ను రమ్మని పిలుస్తారేమోనని చూసేదాన్ని."

పైన కూడా టీవీ ఉందిగా, ఇంకెందుకు పిలవడం అనుకునేది పెద్ద కోడలు ఇన్నాళ్ళూ. వైరు వేశాం, అయిపోయింది అనుకునేది. పక్కన కూర్చున్న పిల్ల ముఖంలోకి చూసింది. కొంగుతో ఆ పిల్ల బుగ్గలు తుడిచింది, ఆ తర్వాతే తనవి తుడుచుకుంది.

యాంటెన్నా సరిచేయడం ఇద్దరి పని అయింది. పెద్ద కోడలు పైన తిప్పుతుంటే, చిన్న కోడలు గదిలోంచి కేకేసేది. ఇంకొంచెం, కాదు వెనక్కి, ఆ, అక్కడే. టీవీ తిరిగివ్వడానికి తయారైన మరిదికి ఏం జరిగిందో పెద్ద కోడలే చెప్పేసింది. అతను వదిన ముఖం వైపూ భార్య ముఖం వైపూ చూసి, అట్టపెట్టెని మడిచి మంచం కిందికి తోసేశాడు. సాయంత్రం అత్తగారి చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది కూడా పెద్ద కోడలే. నువ్వూ కూర్చో అక్కా అంటే, రేపటికి ఇవ్వాల్సిన చొక్కాలున్నాయని దిగి వచ్చింది. రేపు తప్పకుండా వస్తానంది.

కింద ఒంటరిగా మిషన్ ముందు కూర్చుని రిమోట్ తీసుకుంది. పైన ఏదో హాస్య నాటకం పెట్టినట్టున్నారు. వెతికి వెతికి, పెట్టెలో అదే ఛానెల్ పట్టుకుంది.

పైనుంచి ఒక్కసారిగా నవ్వు వినిపించింది. ఆమె తెర వైపు చూసింది. అక్కడ నవ్వడానికేమీ లేదు, ఒకాయన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, అంతే. రెండు క్షణాలాగి ఆయన లోపలికొచ్చి కుర్చీ లేనిచోట కూర్చోబోయి పడ్డాడు. అప్పుడు ఆమెకి నవ్వొచ్చింది. మళ్ళీ పైన నవ్వు, మళ్ళీ కాసేపటికి కింద అదే ముక్క. ఆకాశంలో ఉపగ్రహం దాకా వెళ్ళి పెట్టెలోకి దిగే బొమ్మ కన్నా డాబా మీది ఊచ పట్టుకునే బొమ్మే రవ్వంత ముందుగా వస్తోందని ఆమెకి అర్థమయింది.

ఇందులోనూ వాళ్ళే ముందు అని మనసులో ఒక చురుకు లేచింది. లేవకపోతే ఆమె మనిషే కాదు. కానీ అంతలోనే మెట్ల మీద చిన్న కోడలి గొంతు, నవ్వు ఆపుకోలేక తెగిపోతూ వినిపించింది.

"అక్కా, మిషన్ ఆపి చూడు, నీకిప్పుడొస్తుంది!"

పెద్ద కోడలు కత్తెర పక్కన పెట్టి, కళ్ళు తుడుచుకుని, తెర వైపు తిరిగి కూర్చుంది.