దభీమని పడనివాళ్లు

పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి కోడలు స్నానాల గది తలుపు తట్టింది. అత్తగారు లోపలికెళ్లి ఇరవై నిమిషాలైంది. తలుపు తోసి చూస్తే ఆవిడ గోడకు వీపు ఆనించి నేలమీద ఉంది.

"పడలేదమ్మాయ్, కూర్చున్నానంతే" అంది, కమిలిన మోచేతిని అరచేత్తో కప్పుకుంటూ.

మనిషి పడితే కూత పెట్టాల్సిన పెట్టె పైన గోడకే ఉంది. కిక్కురుమనలేదు. మనిషి పడ్డదీ లేనిదీ తేల్చే దాని లోపలి లెక్క రాసింది ఈ కోడలే. పెట్టె వదిలిన రేడియో తరంగాలు గదిలో తగిలి తిరిగొస్తే, వాటిలో ఏది మనిషి కదలిక, ఏది ఉత్త రొద అని వేరుచేయడం పదిహేనేళ్లుగా ఆమె పని. ఆ పొద్దుటి తరంగాల రికార్డింగు తెరిచి చూసింది. అత్తగారు గోడ పట్టుకుని మెల్లమెల్లగా జారింది. అంత నెమ్మది కదలికని లెక్క రొద కింద ఏరి పారేసింది.

తప్పెక్కడో తెలిసిపోయింది. పరీక్షల కోసం ఆఫీసులో పరుపులు పరిచి పాతికేళ్ల ఇంజనీర్లను పడమన్నారు. వాళ్లు బస్తాల్లా దభీమని పడ్డారు. ముసలివాళ్లు అలా పడతారా? ఆ మాత్రం ఇంగితం ఎవరికీ లేకపోయింది, ఆమెతో సహా.

భర్తదీ ఆ పెట్టెలు చేసే కంపెనీయే, అమ్మకాల విభాగం. సోమవారం నాలుగు వందల పెట్టెలు వృద్ధాశ్రమాలకు వెళ్లాలి. ఆమె సంతకం ఒక్కటే మిగిలింది. పెట్టనంది. అతను తింటున్న పళ్లెం పక్కకు నెట్టాడు. మాటిచ్చేశానన్నాడు, ఇద్దరి ఉద్యోగాలూ ఊడతాయన్నాడు, నూటికి తొంభై ఎనిమిది పట్టుకుంటోంది కదా అన్నాడు.

"ఆ తొంభై ఎనిమిదీ పరుపు మీద పడ్డవాళ్లు. మీ అమ్మ ఏ లెక్కలోకి వస్తుంది?"

"అమ్మ పడలేదంటోందిగా. ఏమ్మా, పడ్డావా?"

పక్క కుర్చీలో ఉన్న అత్తగారు తల దించుకుంది. పోయినేడు వంటగదిలో తూలితే కొడుకు పొయ్యి దగ్గరికే రానివ్వడం మానేశాడు. ఇప్పుడు ఔనంటే స్నానానికీ మనిషిని పెడతాడు. కోడలికది తెలుసు.

"ఆవిణ్ని సాక్ష్యానికి లాగకు. రికార్డింగు చాలు నాకు. పీకేస్తే పీకెయ్యమను. చెవిటి పెట్టెకి నేను సంతకం పెట్టను."

అత్తగారు లేచి నిలబడింది. కొడుకు చెయ్యి అందిస్తే పట్టుకోలేదు.

"పడ్డానురా. ఈ నెల్లోనే నాలుగుసార్లు. చెబితే నన్ను కుర్చీకి అతికించేస్తావని చెప్పలేదు." కోడలి వైపు తిరిగింది. "మీ ఆఫీసుకి నేనొస్తానమ్మాయ్. పడటం మీ వాళ్లకేం తెలుసు? పక్కింటావిణ్ని కూడా లాక్కొస్తా, నాకంటే బాగా పడుతుంది."

"పడక్కర్లేదత్తయ్యా. నేను పట్టుకుంటా, మీరు జారితే చాలు" అంది కోడలు.

అతను తల్లి మోచేయి వైపు చూశాడు. ఫోను తీసి, సోమవారం సరుకు ఆపమన్నాడు. అవతలివాళ్లు కారణమడిగారు.

"మా అమ్మ పడింది" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"స్నానానికి మాత్రం ఒక్కదాన్నే పోతా" అంది తల్లి.

వద్దనబోయాడు. మింగేశాడు. "సరేనమ్మా."