గుడ్ల అట్టల రూములో రత్నమణి గొంతు

"...ఆ షట్టరు ముందర మాత్రం నడవాకప్పా అని చెప్తానే ఉండా! రాప్పా, నువ్వూ కూర్చో. ప్రొద్దుటూరులో కమాల్ బాషా రికార్డింగు రూము సంగతి చెప్తాండా."

రాత్రి తొమ్మిది దాటితే ఆ పక్కకు ఆటోవాళ్లు గూడా పోరు. రూము మూతబడి మూడేండ్లు. అయినా లోపల్నించి ఆడమనిషి కూనిరాగం... కొంచెంసేపు. టక్కున ఆగిపోతాది. మళ్లా అదే రాగం. మళ్లా ఆడ్నే ఆగిపోతాది.

అది రత్నమణి గొంతంట. దువ్వూరు పిల్ల. చర్చిలో పాడి పాడి, బెంగుళూరు హోటళ్లకు పోయి జాజ్ పాటలు నేర్చింది. దాంట్లో మన సావుకూటాల్లో పీనుగ కాడ పాడే పాటల్లో ఉండే ఏడుపు కలిపి — సోల్ అంటారంట — తెలుగులో ఎనిమిది పాటల ఆల్బం పాడనీకి ఈడికొచ్చింది. ఎనిమిదోది పాడి, బయట బస్సుకు నిలబడింది. పులివెందుల నుంచి వచ్చిన ఎవురికో ఎవురో ఏసిన బాంబు... ఆయమ్మకు తగిలింది. ఆడ్నే పాణం పాయ.

"పాటల రీలు కాలిపోయిందన్నా" అని కమాల్ బాషా అప్పట్లోనే చెప్పినాడు. రత్నమణి వాళ్లన్న ఆనందయ్య నమ్మినాడు. పెద్దముడియం బడిలో అయ్యోరు, నెమ్మదస్తుడు.

కానీ ఇప్పుడు అమ్మ వరమ్మ మంచం పట్టింది. డాక్టరు చేతులెత్తేసినాడు. "మణి గొంతు ఒక్కతూరి ఇనిపీరా..." ఆయమ్మ అదొకటే అడుగుతాంది.

దెయ్యందైనా గొంతు గొంతే గదా! టేపురికార్డరు సంకలో పెట్టుకోని పోయినాడు ఆనందయ్య.

షట్టరు కింద సన్నంగా వెలుగు. లోపల... రాగం.

"మణీ..." అన్నాడు, గుసగుసగా.

రాగం ఆగిపాయ.

షట్టరు ఎత్తినాడు.

గోడల నిండా రొద తగ్గనీకి అంటిచ్చిన గుడ్ల అట్టలు. మధ్యలో రీలు మిషను. దాని ముందర — గడ్డం పెరిగిన కమాల్ బాషా.

"కాలిపోయిందంటివి గదరా!"

"కాల్లేదన్నా..." కమాల్ తలెత్తలే. "ఆయమ్మ పోయిన వారానికే జమ్మలమడుగు నుంచి పార్టీవాళ్లొచ్చిరి. జీపులో బాంబులు. తెల్లారేసరికి ఎలక్షను పాటలు కావాలనిరి. కొత్త రీలు లేకపాయ... దీని మీదనే ఎక్కిచ్చినా."

"గెలిచినారా?"

"డిపాజిట్టు గూడా రాలేదన్నా."

అన్ని పాటలూ జిందాబాదుల కింద పోయినాయి. రీలు చివర ఒక్క జానెడు మిగిలింది — కూనిరాగమూ, దాని యెనక ఆయమ్మ మెల్లగా చెప్పిన ఒక మాటా. ఆ మాట బయటికి ఇనపడదు. అది తిప్పుకుంటానే కమాల్ మూడేండ్లుగా రాత్రిళ్లు ఆడ కూర్చుంటాండాడు.

ఆనందయ్య తిట్టలే. కొట్టలే. టేపురికార్డరు మిషను పక్కన పెట్టి మీట నొక్కినాడు.

తెల్లారి అమ్మ చెవికాడ పెట్టినాడు. రాగం రాంగానే వరమ్మ మొగం విచ్చుకునింది.

"పాడతాందిరా... ఉండు, ఇంగా పాడతాది..."

రాగం ఆగింది. మణి దగ్గింది. నవ్వింది. ఆ యెనక మణి చెప్పిన మాట, ఉన్నదున్నట్టు —

"బాగ రాలే కమాలన్నా. ఇది తుడిచేయ్. రేపొచ్చి మళ్లా పాడతా."